త్రినాథ్ అలక

ఇలా రండి, దగ్గరికి జరగండి. ఆ కబుర్లు కాసేపు కట్టిపెట్టండి. వక్క నమిలేవాళ్ళు కూడా చప్పుడు చేయకండి.

మా గరివిడిలో త్రినాథ్ ఇంట్లో కూర్చునే డచ్చి కంపెనీకి కంప్యూటర్లో యంత్రాల బొమ్మలు గీస్తాడు. ఏ తగువొచ్చినా డచ్చి చట్టమే చెల్లుతుందని ఒప్పందం. ఆ దేశంలో సముద్రం కూడా అనుమతి లేనిదే గట్టు దాటదట! త్రినాథ్‌ది ఉబ్బసం ఒళ్ళు. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఊళ్ళో ఫ్యాక్టరీకి పోయి, లోహం కరిగించే ఫర్నేసు ముందు నిలబడాలి. నిలబడితే ఊపిరాడదు.

ఒకరోజు ఆ కంపెనీ మేనేజరు యాన్ ఫోన్ మీటింగులో అందరి ముందూ అతని బొమ్మ తప్పన్నాడు. త్రినాథ్‌కి రోషం పొడుచుకొచ్చింది. ఉద్యోగం మానేస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేసి గదిలో దూరాడు. కొత్తల్లుడు అలిగితే మామగారొచ్చి గడ్డం పట్టుకుంటారు కదా, యాన్ కూడా అలాగే బతిమాలతాడని చూస్తూ కూర్చున్నాడు. ఆ అలక వేడికి గోడకి అప్పడం ఆనిస్తే వేగిపోయింది. నేనే తిన్నాను.

బతిమాలడం రాలేదు. రాజీనామా ఒప్పుకున్నామని మెయిలొచ్చింది.  నిండు గర్భిణి అయిన భార్య సింధూరి కళ్ళు తుడుచుకుని, ఆ దేశపు లాయరమ్మని వీడియోలో పట్టుకుంది. మాట్లాడి మొగుడి దగ్గరికొచ్చింది.

"బావా, కోపంలో అన్నమాట రాజీనామా కాదంట. నిజంగానే మానేస్తావా అని ఆ మేనేజరు మళ్ళీ అడగాలంట. కానీ నువ్వు బేగి ఆ మాట ఎనక్కి తీసుకోవాల. ఊరుకున్నావో, నిజమే అనుకుంటారు."

"అయితే ఆడే అడగాల. నేనేటి ఫోన్ సేసేది?"

గుమ్మంలో నిలబడ్డ మామ అప్పలసూరి అందుకున్నాడు. "ఒరే అల్లుడా, నేనైతే గడ్డం పట్టుకుంతాను. ఫర్నేసు పట్టుకుంతాదేట్రా?"

త్రినాథ్ ఫోన్ తీసి యాన్‌కి కలిపాడు.  కిటికీ బయట మేమంతా చెవులు రిక్కించాం. కోపంలో అన్నానని, పనికి సిద్ధంగా ఉన్నానని ఇంగ్లీషులో చెప్పాడు.  సింధూరి కడుపు మీద చెయ్యేసుకుని గోడకి ఆనుకుంది.

యాన్ జవాబు చెప్పాడు. నిజంగానే మానేస్తావా అని ఆ రోజే అడగాల్సింది తనేనట. రేపు పనిలోకి రమ్మన్నాడు. బొమ్మ మాత్రం తప్పే, మళ్ళీ గీయమన్నాడు.

సింధూరి మొహం కప్పుకుని భోరుమంది. అప్పలసూరి మాకు ఆ చట్టం సంగతి విడమరిచి చెప్పాడు. అంతా విని, చేపల తట్ట నెత్తినున్న మరిడమ్మ కిటికీలోంచి తల లోపలికి పెట్టింది.

"ఒలమ్మా, పుట్టింటికి పోతానంటే మా ముసిలోడు నిజంగానా అని అడగనే అడగడు, ఆటో పిలిసేత్తాడు. ఆడి మీద కూడా ఆ డచ్చి సట్టం ఏసెయ్యండే!"