ఓవెన్ ముందు ఇరవై అయిదు నిమిషాలు

టీవీలో డెస్మండ్ ఓల్డ్‌రాయిడ్ వంట చేస్తాడని దేశమంతా అనుకుంటుంది. పదకొండేళ్లుగా ఆ వంట చేస్తున్నది నేను. ఇందులో మోసమేమీ లేదు, స్టూడియోల్లో పద్ధతే అది. ప్రతి వంటకాన్నీ నాలుగు దశల్లో ముందే సిద్ధం చేసి పెడతాను. అతను కాస్త పిండి కలిపి, నాలుగు మాటలు చెప్పి, పచ్చిదాన్ని ఓవెన్‌లో పెడతాడు. వెంటనే పక్క ఓవెన్ తలుపు తెరిచి నేను కాల్చి ఉంచినది బయటికి తీస్తాడు. చూసేవాళ్లకు గంట గడిచిపోతుంది. అతనికి అయిదు సెకన్లు.

ఆ శనివారం లీడ్స్‌లో, పిల్లల ఆసుపత్రి సహాయార్థం, ముగ్గురు టీవీ వంటగాళ్లకు పోటీ పెట్టారు. యార్క్‌షైర్ పుడ్డింగ్ చేయాలి. పేరుకే పుడ్డింగ్, తీపి ఉండదు; ఓవెన్‌లో బూరెలా పొంగాక గ్రేవీ పోసుకుని తింటారు. ఒక్కొక్కరికి ఒకే ఓవెన్, వెనక ఎవరూ ఉండరు. రుచి చూసి తేల్చేది ముగ్గురు బడి వంటమనుషులు. ఏ పళ్లెం ఎవరిదో వాళ్లకు చెప్పరు.

ముందురోజు మధ్యాహ్నం టీ తాగుతూ డెస్మండ్ అన్నాడు:

“ఐరిస్, నాకు వంట వచ్చో రాదో నాకే తెలియడం లేదు.”

“పన్నెండేళ్లు హోటల్లో చేశావు కదా.”

“ఆ చేసినవాడు ఇంకెవరో అనిపిస్తోంది.”

“ఇంట్లో ఒకసారి చేసి చూసుకోకపోయావా?”

“భయమేసింది. రాదని తేలిందనుకో, రేపటిదాకా ఆ సంగతితో ఒక్కణ్ణే కూర్చోవాలి.”

ధైర్యం చెప్పాను. చెబుతూండగానే నాలో ఒక మూల, రాదని తేలితే బాగుండునన్న కోరిక తలెత్తింది. దాన్ని అణచలేదు, దువ్వనూ లేదు. రైల్లో ఎదుటి బల్ల మీద కూర్చున్న అపరిచితుణ్ణి చూసినట్టు చూస్తూ ఉండిపోయాను.

పోటీలో మిగతా ఇద్దరు క్లైవ్, ఇమోజెన్. క్లైవ్ తన కార్యక్రమంలో కుర్ర వంటవాళ్లను తిట్టి పేరు తెచ్చుకున్నాడు. ఇమోజెన్‌కు నవ్వడం తప్ప ఏమీ రాదని పత్రికలు రాస్తుంటాయి.

నేను జనంలో కూర్చున్నాను. వేదిక మీద ముగ్గురూ గుడ్లు, పాలు, మైదా జారుగా కలిపారు. పొగలు కక్కుతున్న కొవ్వులో పోసి ఓవెన్లు మూశారు. ఇక ఇరవై అయిదు నిమిషాల దాకా తలుపు తీయకూడదు. చల్లగాలి తగిలితే పొంగినదంతా కూలిపోతుంది. మా యార్క్‌షైర్‌లో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు.

క్లైవ్ జనం వైపు తిరిగి ఒక జోకు వేశాడు. “తయారయ్యాక ఇలా ఉంటాయన్నమాట,” అంటూ, అలవాటుగా, ఓవెన్ తలుపు బార్లా తెరిచాడు. లోపల పచ్చి పిండి. హాలంతా పగలబడి నవ్వింది.

నేను నవ్వలేదు. డెస్మండ్ చెయ్యి కూడా అప్పటికే తలుపు పిడి మీద ఉంది. ఆ చేతికి ఆ అలవాటు నేర్పింది నేను. పదకొండేళ్లు దానికి ఎదురుచూడ్డం అనేదే లేకుండా చేశాను. తెరవకు, తెరవకు అని లోలోపల అంటున్నాను. నిన్నటి కోరిక అప్పుడెక్కడికి పోయిందో తెలియదు.

అతను తన చేతిని పరాయివాడి చేతిలా చూశాడు. మెల్లగా వెనక్కి తీసి రెండు చేతులూ ఏప్రాన్ జేబుల్లో దోపుకున్నాడు.

“ఇప్పుడేం చెయ్యాలి?” అని ఇమోజెన్‌ను అడిగాడు.

“ఏమీ చెయ్యకూడదు. మా నాన్నయితే పేపరు చదివేవాడు.”

ముందు వరసలోంచి ఒక ముసలావిడ, “ఊరికే నిలబడే బదులు గ్రేవీ అన్నా చెయ్యి నాయనా!” అంది.

డెస్మండ్ ఉల్లిపాయ అందుకున్నాడు. మొదటి ముక్కలు వంకరగా తెగాయి. నాలుగో ఉల్లిపాయకు కత్తి దానంతటదే నడవసాగింది. మాట్లాడటం మానేశాడు. రుచి చూశాడు, మొహం చిట్లించాడు, ఆవపొడి వేశాడు. నేనెప్పుడూ వేయను.

తీర్పు చెప్పడానికి వంటమనుషుల్లో పెద్దావిడ లేచింది. “మొదటి పళ్లెం ఎవరిదో గానీ, ఆ మనిషిని సోమవారం మా బడికి పంపండి. రెండోది అడుగున కాస్త మెత్తబడింది, గ్రేవీ మాత్రం ఇంకో గరిటె అడిగి వేయించుకున్నా. మూడోది బూటు అడుగుకి అట్టలా వేసుకోవచ్చు.”

“నాదే,” అన్నాడు క్లైవ్. “కాలి కొలత చెప్పండమ్మా, జత పంపిస్తా.”

మొదటిది ఇమోజెన్‌ది. రెండోది డెస్మండ్‌ది.

అతను మెట్లు దిగి వచ్చి తన పళ్లెం నా చేతిలో పెట్టాడు. తిన్నాను. పుడ్డింగ్‌లో ఉప్పు ఎక్కువ, గ్రేవీలో ఘాటు. ఎక్కడా నా చెయ్యి లేదు. ఇన్నాళ్లూ ఒక ఖాళీ మనిషిని నేనే నింపుతున్నానని గర్వపడ్డాను. అతన్ని నేనే ఖాళీ చేశానేమోనని భయపడ్డాను. రెండూ నిజం కాదు. భుజాల మీది బరువేదో జారిపోయింది.

“ఎలా ఉంది?”

“ఉప్పెక్కువ.”

“నాకలాగే ఇష్టం,” అని మిగిలిన ముక్క నా చేతిలోని పళ్లెంలోంచి తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

పదకొండేళ్లలో ఆ సంగతి నాకు తెలియనే తెలియదు.