మెచ్చుకోలు కాల్

గీజరు నీళ్లలోకి కరెంటు వస్తోందని చెప్పడం కంపెనీ రహస్యం బయటపెట్టడమట! రహస్యమట, రహస్యం! ఇక నిప్పు కాలుతుందని చెప్పాలన్నా పై ఆఫీసు నుంచి అనుమతి తెచ్చుకోవాలి కాబోలు.

మాది గీజర్లు చేసే కంపెనీ. మాది అంటే మాది కాదనుకోండి, మేం అందులో ఫోన్లెత్తేవాళ్లం. చెవులకి హెడ్‌సెట్టు, ఎదురుగా కంప్యూటరు, పక్కమనిషి దగ్గు కూడా ఆపలేని పల్చటి అడ్డుగోడ. మా వదినని అక్కడ చేర్పించింది నేనే. అన్నయ్య పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక నా ఒక్కదాని జీతంతో ఇల్లు గడవడం కష్టమైంది. వదిన చేరిన కొత్తలోనే అందర్నీ బుట్టలో వేసుకుంది. ఫోన్లో అగ్గిమీద గుగ్గిలమయ్యే మనిషి చేత కూడా చివరికి "సారీ అమ్మా, మీ మీద కోపం కాదు" అనిపిస్తుంది. నాకంత ఓపిక ఎక్కడిది? నన్నెవరైనా తిడితే మ్యూట్ నొక్కి నేనూ తిడతాను.

మా టీమ్ లీడరుకి మేం పెట్టుకున్న పేరు తేనెసీసా. మాటకి ముందో బంగారం, వెనకో బంగారం. ఒకరోజు పొద్దున మీటింగులో తలుపు దగ్గరగా వేసి, "చూడండి బంగారాలూ, ఆ కొత్త తెల్ల మోడల్లో కొన్నింటికి చిన్న ఇబ్బంది ఉంది. నీళ్లలోకి కాస్త కరెంటు వస్తోంది. పైవాళ్లు చూసుకుంటున్నారు. ఎవరైనా అడిగితే ఇంటి వైరింగు చూపించుకోమనండి, మనిషిని పంపుతామనండి. అంతకుమించి ఒక్క ముక్క బయటికి పొక్కకూడదు" అన్నాడు. కాస్త కరెంటట! ఆ కాస్తా వాడి బాత్రూములోకి వస్తే తెలిసేది. అందరం తలలూపాం. వదిన కూడా ఊపింది.

మా దగ్గర ఒక పద్ధతుంది. కాల్ ముగించే ముందు "మా సేవ నచ్చితే ఐదు నక్షత్రాలివ్వండి, రెండు మంచి మాటలు రాయండి" అనాలి. అనకపోతే మార్కులు కోస్తారు. ఆ మాట మా నాలుకల మీద ఎంత అరిగిపోయిందంటే, ఇంట్లో భోజనం వడ్డించి వదిన ఒకసారి అన్నయ్యతో కూడా అనేసింది. "మూడిస్తా, ఉప్పెక్కువైంది" అన్నాడు వాడు. అలా వచ్చిన పొగడ్తల్లో మంచిదాన్ని ఎంచి, వారం చివర ఆ ఫోను సంభాషణని అందరి ముందూ స్పీకర్లో వినిపించి చప్పట్లు కొట్టిస్తారు. దాన్ని మెచ్చుకోలు కాల్ అంటాం.

ఆ వారం తేనెసీసా కాలు నేల మీద నిలవలేదు. పెద్ద మేనేజర్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. "ఇలాంటి మెచ్చుకోలు ఇంతవరకూ రాలేదు సార్! మీ అమ్మాయి మా పాప ప్రాణం నిలబెట్టింది అని రాశారు" అంటూ వదినని ముందుకు పిలిచాడు. మేం చప్పట్లు మొదలెట్టేశాం. వదిన ముఖం మాత్రం పాలిపోయి ఉంది, సిగ్గేమో అనుకున్నాను. మహానుభావుడు ముందు తనైనా ఒకసారి వినొచ్చు కదా! నక్షత్రాలు చూసి మురిసిపోయి తిన్నగా స్పీకరుకి తగిలించాడు.

"నీళ్లు ముట్టుకుంటే చేయి జిల్లుమంటోందండీ. ఇంట్లో పసిపాప ఉంది" అంటోంది ఒకావిడ.

"మీ ఇంటి వైరింగు ఒకసారి..." అని వదిన ఆగిపోయింది. వెనక పాప ఏడుపు వినిపిస్తోంది. తర్వాత వదిన గొంతు తగ్గించి, "అమ్మా, వైరింగు కాదు. ప్లగ్గు పీకేయండి. ఆ మోడల్లోనే తేడా ఉంది, మా అందరికీ తెలుసు. మార్చేదాకా పాపకి పొయ్యి మీద కాచిన నీళ్లు పోయండి" అంది. ఆ వెంటనే, ఊపిరైనా తీసుకోకుండా, అలవాటు చొప్పున, "మా సేవ నచ్చితే ఐదు నక్షత్రాలివ్వండి, రెండు మంచి మాటలు రాయండి" అనేసింది.

పాపం, ఆవిడ నిజంగానే రాసింది. చప్పట్లు కొట్టే చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

వదినతో పాటు నన్ను కూడా లోపలికి పిలిచారు, చేర్పించిన పాపం నాది కదా. పెద్ద మేనేజరు అరవలేదు. అరిచినా బాగుండేది.

"నేను చెప్పింది అబద్ధమా సార్?" అంది వదిన.

"నిజమే. అందుకే కదమ్మా ఈ తలనొప్పి! ఇవాళ మీరు జాలిపడి ఒకటి చెప్పారు. రేపు ఇంకొకరు కోపంతో ఇంకోటి చెప్తారు. లోపలి మాట లోపల ఉండకపోతే ఇక నేను మీకేం చెప్పగలను?" అన్నాడు పెద్ద మేనేజరు.

ఆ మాటలో న్యాయం బొత్తిగా లేదని నేననను. మా లెక్కలు పోటీ కంపెనీకి చేరవేసేవాణ్ణి గెంటేస్తే నేనూ హర్షిస్తాను. కానీ పసిబిడ్డ ఒంటికి తగిలే కరెంటూ అదీ ఒకటేనా? ఒకటే అని ఎలా అనగలడా మనిషి, అతనికి పిల్లల్లేరా అని నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒక దారుంది బంగారం" అన్నాడు తేనెసీసా. "ఆవిడకి నువ్వే ఫోన్ చేసి, తెలియక ఏదో ఊహించి చెప్పాను, గీజరు బాగానే ఉంది అని చెప్పు. ఉద్యోగం నిలబెట్టే పూచీ నాది."

"ఆవిడ మళ్లీ ప్లగ్గు పెట్టేస్తుంది కదండీ!"

"వారం పది రోజుల్లో మనిషిని పంపి మార్పిస్తాంలే."

"ఈ వారం పది రోజులూ?"

ఆలోచించుకుని సోమవారం రమ్మన్నారు.

ఇంట్లో అన్నయ్య వింటూనే ఇంతెత్తున లేచాడు. "నీకెందుకొచ్చిన గొడవే? లోకాన్ని ఉద్ధరించడానికి పంపామా నిన్ను?"

"నోర్ముయ్ అన్నయ్యా, వదిన చేసిన దాంట్లో తప్పేముంది?" అన్నాను.

"సరే, మూసుకుంటా. ఇల్లు నువ్వొక్కదానివే నడుపుతావా మరి?"

వదిన మా ఇద్దరివంకా చూసి, "అరుచుకోకండి. చేస్తాలే" అంది.

సోమవారం పొద్దున తేనెసీసా దగ్గరుండి స్పీకర్లో ఫోన్ కలిపించాడు. ఆవిడ వదిన గొంతు వినగానే గుర్తుపట్టింది. "అయ్యో, మీరా! రోజూ తలుచుకుంటున్నామండీ మిమ్మల్ని" అంది. వదిన కళ్లు మూసుకుని, చెప్పమన్నదంతా అప్పజెప్పింది.

"నిజంగానా? మరి అప్పుడు చేయి జిల్లుమంది కదండీ?"

"అది... వైరింగు అయ్యుంటుందండీ."

"సరేనండీ. ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. మీరు కాబట్టి వింటున్నా."

తేనెసీసా బొటనవేలు పైకెత్తి చూపించాడు. వదిన లేచి బాత్రూములోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

సాయంత్రం పని ముగిసే వేళకి వదినని తీసేశారు. కారణం విన్నారా? తెలియని విషయం ఊహించి, కొన్నవాళ్లకి తప్పుడు సమాచారం ఇచ్చిందట. తనే ఒప్పుకుందట, పొద్దుటి రికార్డు ఉందట. నిజం చెప్పినందుకు తీసేస్తే బయట అల్లరవుతుంది. అబద్ధం చెప్పినందుకు తీసేస్తే అడిగేవాడెవడు? మరి పూచీ సంగతేంటని అడిగితే, "పైవాళ్ల నిర్ణయం బంగారం, నా చేతుల్లో ఏముంది?" అన్నాడు తేనెసీసా. వాడి గొంతు పిసకాలనిపించింది.

గేటు దగ్గర వదిన ఏడవడం లేదు. నా చేయి గట్టిగా పట్టుకుంది.

"ఉద్యోగం పోతే పోయింది. ఆవిడ నా మాట నమ్మింది. ఇవాళ పాపకి ఆ నీళ్లే పోస్తుంది. నన్నిక లోపలికి రానివ్వరు. నువ్వెళ్లి..." అని ఆగింది. నేను ఫోన్ చేస్తే నా ఉద్యోగమూ పోతుందని గుర్తొచ్చినట్టుంది.

"నాదీ పోతే పోనీ వదినా" అన్నాను.

నంబరు తెచ్చి వదిన చేతే బయటినుంచి చేయిద్దామంటే, కొన్నవాళ్ల నంబర్లు మాకు కనిపించవు, మీట నొక్కితే కంప్యూటరే కలుపుతుంది. కంపెనీ నంబరు నుంచి వెళ్తుంది కాబట్టి నేను చెప్పినా నమ్ముతుందనుకున్నాను. మళ్లీ లోపలికి వెళ్లి, నా సీట్లో కూర్చుని కలిపాను.

"అమ్మా, కంపెనీ నుంచి మాట్లాడుతున్నా. పొద్దున మీకు చెప్పింది నిజం కాదు. గీజరు ప్లగ్గు పీకేయండి."

"ఎవరండీ మీరు?"

"ఆవిడ ఆడపడుచుని. ఆవిడ చేత బలవంతాన అలా అనిపించారండీ."

ఆవిడ గొంతు మారిపోయింది. "చూడండి, ఆవిడంటే మీకేం కడుపుమంటో నాకు తెలియదు. మీ మొత్తం ఆఫీసులో నాతో మనిషిలా మాట్లాడింది ఆవిడొక్కతే. ఆవిణ్ణి అబద్ధాలకోరుని చేస్తారా? ఆవిడ చెప్పిందే నేను వింటా."

బకెట్లోకి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, ఒక్క మాట..."

"పాపకి స్నానం వేళైంది" అని పెట్టేసింది.

మళ్లీ చేశాను. ఎత్తలేదు. తేనెసీసా నా కుర్చీ వెనకకొచ్చి, "హెడ్‌సెట్టు తీసెయ్ బంగారం" అన్నాడు. వాడి చేయి తోసేసి మళ్లీ చేశాను. మోగుతూనే ఉంది.