రేపు నల్లా బంద్

1986 ఫిబ్రవరి 13, గురువారం మధ్యాహ్నం అన్నం గంటలో నారాయణఖేడ్‌లోని ఒక హైస్కూలు పిల్లలు తమ బడి రేడియోలో ఒక వార్త చదివారు. రేపు ఊళ్లో నల్లా బంద్, అంటే కుళాయి నీళ్లు రావు అని. ఆ వార్త తప్పు. మరునాడు ఊళ్లో నల్లా రాలేదు.

బడి రేడియో అని పేరే గాని అది రేడియో కాదు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఒక మైకు సెట్టు, డాబా మీద ఒక లౌడ్‌స్పీకర్, రెంటికీ మధ్య వైరు. పంద్రాగస్టుకు, జనవరి ఇరవై ఆరుకు వాడటానికి బడి కొన్న సెట్టు అది. మిగతా రోజుల్లో బీరువాలో ఉండేది. 1983లో పదో తరగతి పిల్లలు దాన్ని రోజూ అన్నం గంటలో కాసేపు వాడుకుంటామని అడిగారు. అప్పటి హెడ్మాస్టరు సరేనన్నారు. మొదటి ఏడాది వాళ్లు పొద్దున హైదరాబాదు కేంద్రంలో విన్న వార్తలనే మధ్యాహ్నం మళ్లీ చదివారు. ఎవరూ వినలేదు. రెండో ఏడాది ఊరి వార్తలు మొదలుపెట్టారు. సిర్గాపూర్ బస్సు ఎందుకు రాలేదు, అంగట్లో కందులు ఎంత పలికాయి, ఎవరి మేక ఎవరి దొడ్లో ఉంది. బోరంచ నుంచి తప్పిపోయి వచ్చిన ఎద్దును దాని యజమాని ఈ రేడియో విని తోలుకుపోయాడు. అప్పటినుంచి బజారు వినడం మొదలుపెట్టింది.

లౌడ్‌స్పీకర్ బజారు వైపు పెట్టాలని ఎవరూ అనుకోలేదు. దాన్ని బిగించడానికి డాబా మీద ఉన్న ఇనుప పైపు ఆ మూలన ఉంది, అంతే.

తర్వాత బదిలీ మీద వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ లిదియా మెదక్ మనిషి. ఆమె వచ్చిన కొత్తలో పిల్లలు ఊరికి సర్కస్ వస్తుందని చదివారు. సర్కస్ రాలేదు. చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చి తిరిగిపోయారు. ఆ రోజు లిదియా టీచర్ ఒక నియమం పెట్టారు. ఏ వార్తనైనా ఇద్దరిని అడిగి రూఢి చేసుకున్నాకే చదవాలి. ఆ నియమాన్ని పిల్లలు ఏడాదిన్నర తప్పలేదు. ఫిబ్రవరి 13న కూడా తప్పలేదు.

ఆ ఏడాది రేడియో బాధ్యత ఇంద్రమ్మది. పదో తరగతి. వాళ్లది నాగల్‌గిద్ద వైపు పల్లె. ఇంట్లో మాట్లాడేది కన్నడం, తెలుగు బడిలో నేర్చుకున్నది. తల్లి భీమమ్మతో కలిసి ఇంద్రమ్మ నారాయణఖేడ్‌లో కిరాయి గదిలో ఉండేది. ఆ గల్లీకి నల్లా లేదు, బావి ఉంది. భీమమ్మ బజారులో కూరగాయలు అమ్మేది. ఆమెకు చదువు రాదు. బిడ్డ చదువుతుంటే వినడానికి ఆమెకు ఉన్న దారి ఆ లౌడ్‌స్పీకర్ ఒక్కటే. అది మోగినంతసేపు ఆమె తక్కెడ ముట్టేది కాదు.

"వంకాయలు తూచు భీమమ్మా, ఎండ కొడుతుంది," అనేవారు కొనడానికి వచ్చినవాళ్లు.

"జర సుమ్మనుండు, సప్పుడు చెయ్యకు. మా ఇంద్రి చదువుతుంది."

"నీ బిడ్డ చదివితె నా పొయ్యి మీద కూర ఉడుకుతదా?"

"చదువుడు అయినంక తూస్త. ఆగలేకుంటే పో."

పోయేవారు కాదు. వాళ్లూ వినేవారు.

వార్తలు తెచ్చేది సంగమేశ్వర్. అతనిదీ పదో తరగతే. రోజూ సిర్గాపూర్ నుంచి బస్సులో వచ్చేవాడు. బస్సు దిగి బడికి వచ్చే దారిలో నలుగురిని పలకరిస్తే ఆనాటి వార్తలు దొరికేవి. గురువారం పొద్దున దారిలో ఉన్న పంపుహౌస్ దగ్గర ఆగాడు. నల్లా నీళ్లు వదిలే చంద్రప్ప గడప మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"ఏం కాకా, ఏంది సంగతులు?"

"కల్ నల్లా బంద్," అన్నాడు చంద్రప్ప. "మోటర్ ఖరాబ్."

చంద్రప్పకు పని నేర్పిన మేస్త్రీ ఉర్దూ మనిషి. అందుకని చంద్రప్ప పెళ్లి గురించి, పంట గురించి తెలుగులో మాట్లాడేవాడు, మోటారు గురించి ఉర్దూలో మాట్లాడేవాడు. ఉర్దూలో కల్ అంటే నిన్న. రేపును కూడా కల్ అనే అంటారు. వాక్యం చివర వచ్చే క్రియను బట్టి ఏదో తెలుస్తుంది. చంద్రప్ప క్రియ వాడలేదు. బుధవారం మోటారు చెడిపోయి నల్లా రాలేదు, గురువారం తెల్లవారేసరికి మోటారు బాగైంది. అతను చెప్పింది అది. సంగమేశ్వర్ బుధవారం సాయంత్రం సిర్గాపూర్‌లో ఉన్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు.

నియమం ప్రకారం రెండో మనిషిని అడగాలి. బస్టాండు దగ్గర హోటల్ నడిపే దేవప్పను అడిగాడు.

"దేవప్ప కాకా, కల్ నల్లా బందట గదా?"

"కల్ బందే గదా," అన్నాడు దేవప్ప గ్లాసులు కడుగుతూ. "ఛాయ్ నీళ్లకు పరేషాన్."

అన్నం గంటకు ముందు ఇంద్రమ్మ అడిగింది. "ఇద్దరినడిగినవా?"

"అడిగిన. నల్లా చంద్రప్ప, హోటల్ దేవప్ప. ఇద్దరిదీ ఒకటే మాట."

"ఏం మాట?"

"రేపు నల్లా బంద్. మోటర్ ఖరాబయ్యింది."

ఇంద్రమ్మ దాన్ని మొదటి వార్తగా చదివింది.

బుధవారం నీళ్లు లేక ఇబ్బంది పడ్డ ఊరు అది. శుక్రవారం కూడా రావని విన్నది. గురువారం సాయంత్రం నల్లా రాగానే బిందెలు, బకెట్లు, గోలాలు, గాబులు నిండాయి. గాజులమ్మే హన్మమ్మ జొన్నలను సంచుల్లోకి ఎత్తి, జొన్నల డ్రమ్ము కడిగి, దాన్నిండా పట్టింది. దేవప్ప హోటల్లో ఉన్న ప్రతి గిన్నె నింపి, నింపడానికి ఇంకేమీ లేక, పిల్లలు స్నానం చేసే తొట్టి కూడా నింపాడు. ఎవరూ నల్లా కట్టేయలేదు. ట్యాంకు అడుగంటింది. ఎందుకు అడుగంటిందో చంద్రప్పకు అర్థం కాలేదు. అతను మధ్యాహ్నం పంపుహౌస్‌లో నిద్రపోతాడు, రేడియో వినడు. ట్యాంకు మళ్లీ నింపడానికి ఆ పొద్దునే బాగైన మోటారును రాత్రంతా ఆపకుండా నడిపాడు. మోటారు కాలిపోయింది.

శుక్రవారం నల్లా రాలేదు.

మోటారు కాలిందని, సాయంత్రం నల్లా రాదని పొద్దునకే ఊరంతా తెలిసింది. ఇంద్రమ్మ బడికి వస్తుంటే దారిలో ముగ్గురు నలుగురు ఆపి మెచ్చుకున్నారు. "మంచిగ ముందే చెప్పినవ్ బిడ్డా," అన్నది హన్మమ్మ. దేవప్ప బడికి ఒక కెటిల్ ఛాయ్ పంపాడు. దాన్ని లిదియా టీచర్ టీచర్లందరికీ పోయించారు. వాళ్లు తాగుతుండగా జగన్నాథ్ వచ్చాడు. పంచాయతీలో నీళ్ల సంగతి చూసే మెంబరు అతను. వెంట చంద్రప్ప ఉన్నాడు.

"టీచరమ్మా, మీ పిల్లలు దొంగ వార్త చెప్పిన్రు," అన్నాడు జగన్నాథ్. "ఊరంతా ఎగబడి ట్యాంకు ఊడ్చిన్రు. మోటర్ కాలింది."

లిదియా టీచర్ ఇంద్రమ్మను, సంగమేశ్వర్‌ను పిలిపించారు. సంగమేశ్వర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేం రేపు నల్లా రాదన్నం టీచర్. వస్తలేదు. దొంగ వార్త ఎట్లయితది?"

"మీరు చెప్పినందుకే వస్తలేదు," అన్నాడు జగన్నాథ్.

"ఎందుకు వస్తలేదనేది వేరే వార్త సార్. అది ఇయ్యాళ చదువుతం."

టీచర్లలో ఒకరు ఛాయ్ పొలమారి బయటికి వెళ్లారు. లిదియా టీచర్ చంద్రప్ప వైపు తిరిగారు.

"నువ్వు పిల్లగానికి ఏమని చెప్పినవ్?"

"కల్ నల్లా బంద్ అన్న."

"కల్ అంటే?"

"కల్ అంటే కల్, టీచరమ్మా."

"నిన్ననా, రేపా?"

చంద్రప్ప వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. "అప్పుడైతే నిన్న అన్నట్టు. ఇప్పుడు మోటర్ కాలింది గదా. రెండూ అయినయి."

"తప్పు మాదే టీచర్," అన్నది ఇంద్రమ్మ. "ఏ మాట అన్నరో నేను అడగలేదు. దిద్ది చదువుత."

"చదువుడు కాదు," అన్నాడు జగన్నాథ్. "ఆ లౌడ్‌స్పీకర్‌ను బజారు దిక్కు నుంచి తిప్పుండ్రి. గ్రౌండు దిక్కు పెట్టుకోండ్రి. మీ పిల్లలు మీ పిల్లలకే చెప్పుకోండ్రి. ఊరికెందుకు?"

ఇంద్రమ్మ లిదియా టీచర్ వైపు చూసింది. తల్లి ఎక్కడ కూర్చుంటుందో, ఎట్లా వింటుందో టీచర్‌కు తెలుసు. పంచాయతీ నుంచి వచ్చిన ఫిర్యాదును కాదనలేరని ఇంద్రమ్మకు తెలుసు.

"తిప్పిస్త," అన్నారు లిదియా టీచర్. "కానీ ముందు దిద్దుబాటు బజారుకే వినపడాలె. ముందు తిప్పితే ఎవరికి చెప్పినట్టు? రేపు అన్నం గంటలో చదువుతరు. చదివినంక తిప్పుదురు."

"రేపంటే శనివారమే గదా?" అని అడిగాడు జగన్నాథ్.

"శనివారమే," అన్నారు టీచర్.

ఆ డాబాకు మెట్లు లేవు. అంత ఎత్తుకు అందే నిచ్చెన ఊళ్లో ఒక్కటే ఉంది, వీధిలైట్లకు బల్బులు మార్చేది, పంచాయతీది. శనివారం చంద్రప్ప దాన్ని సైకిలుకు కట్టి తెచ్చి బడి గోడకు ఆనించాడు. జగన్నాథ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంద్రమ్మ మైకు ముందు కూర్చుంది. ముందురోజు సాయంత్రం భీమమ్మకు సంగతి చెప్పింది. భీమమ్మ శనివారం వంకాయల తట్టను బడికి దగ్గరగా జరిపి పెట్టుకుందని, పక్కన ఉల్లిగడ్డలమ్మే పోశమ్మ తర్వాత చెప్పింది.

ఇంద్రమ్మ చదివింది ఇది.

"మొన్న మేము రేపు నల్లా రాదని చెప్పినాము. అది తప్పు. అది అంతకు ముందురోజు రాని నల్లా సంగతి. మేము రేపు అన్నది నిన్న అయినది. నిన్న కూడా నల్లా రాలేదు గాని అది మేము అన్న కారణానికి కాదు. మేము అన్నందుకు మీరు నీళ్లు ఎక్కువ పట్టుకున్నారు, అందుకని రాలేదు. తప్పుకు చింతిస్తున్నాము."

బజారులో పోశమ్మ అడిగింది. "ఇప్పుడు నల్లా వస్తదా, రాదా?"

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే, లౌడ్‌స్పీకర్ కోసం పంచాయతీ నిచ్చెన బడి గోడకు ఉంది. హన్మమ్మ గాజుల బుట్ట పక్కన పెట్టి లేచింది. ఆమె వెనక పది పదిహేను మంది ఆడవాళ్లు లేచారు. భీమమ్మ కూడా వచ్చింది. బడి గేటు దగ్గర హన్మమ్మ జగన్నాథ్‌ను పట్టుకుంది.

"ఏంది జగన్నాథ్, నిజం చెప్పిన పిల్లలతోటి అబద్ధం చదివిస్తున్నవా?"

"అబద్ధం కాదక్కా. అదే నిజం. మొన్న చదివిందే అబద్ధం."

"మొన్న రాదన్నరు. రాలేదు. మా ఇంట్ల నీళ్లున్నయి. మీరు చెప్పిన్రా ఎన్నడన్న ముందుగాల?"

"మాకే తెల్వదక్కా, ముందుగాల."

"మరి తెలిసినోళ్ల నోరెందుకు మూస్తవ్?"

జగన్నాథ్ ఇంద్రమ్మ వైపు చూశాడు. "నువ్వన్న చెప్పు బిడ్డా, తప్పు చెప్పినమని."

"చెప్పిన గదా సార్, మైకులనే," అన్నది ఇంద్రమ్మ. "నమ్ముతలేరు."

"నేనే చెప్త," అని జగన్నాథ్ హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్లాడు. సంగమేశ్వర్ మైకు ఎంత దూరం పెట్టుకోవాలో చూపించాడు. జగన్నాథ్ దగ్గరగా పెట్టుకున్నాడు. అతని ఊపిరి బజారు చివరిదాకా వినపడింది.

"నేను మెంబర్ జగన్నాథ్. మోటర్ తయారైంది. ఇగ పరేషాన్ కావద్దు. కల్ నల్లా షురూ."

గేటు దగ్గర ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దేవప్ప హోటల్ ముందు నుంచి ఎవరో అరిచారు. "ఏ కల్ సారూ? పోయిన కల్లా, వచ్చే కల్లా?"

ముందు నవ్వింది చంద్రప్ప. తర్వాత గేటు దగ్గర అందరూ. మైకు ఆపలేదు కాబట్టి గదిలో లిదియా టీచర్ నవ్వు కూడా బజారుకు వెళ్లింది. చివరికి జగన్నాథ్ కూడా నవ్వాడు.

"ఆదివారం," అన్నాడు మైకులో. "ఆదివారం సాయంత్రం. మెంబర్ జగన్నాథ్ చెప్తుండు."

బయటికి వచ్చి, తన మాట ఎంత దూరం వినపడిందని చంద్రప్పను అడిగాడు.

"బస్టాండు దాటి పోయింది," అన్నాడు చంద్రప్ప.

"మన పంచాయతీ చప్రాసీ డప్పు చాటింపు అంత దూరం పోతదా?"

"యాడికి పోతది? కిరాణం దుకాణం కాడనే ఆగుతది."

జగన్నాథ్ లౌడ్‌స్పీకర్ తిప్పమని గుర్తు చేయలేదు. లిదియా టీచర్ కూడా అడగలేదు. ఇంద్రమ్మ మైకు సెట్టు బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండో గంట కొట్టారు. భీమమ్మ గేటు దగ్గర నుంచి వంకాయల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర వీధిలైటు ఒకటి వెలగలేదు. చంద్రప్ప బడికి వచ్చి నిచ్చెన దించి సైకిలుకు కట్టుకుని తీసుకుపోయాడు. ఆదివారం సాయంత్రం నల్లా వచ్చింది. సోమవారం అన్నం గంటలో ఇంద్రమ్మ వార్తలు చదివింది. లౌడ్‌స్పీకర్ బజారు వైపే ఉంది.