అద్దం మీద కొండ

మా కొండ ఇప్పుడు లేదు. రాయి కోసం ముప్పై ఏళ్లు తవ్వి, ఆ చోట ఓ గుంట మిగిల్చారు. పోకముందే దాన్ని ఫొటో తీసి పెట్టుకుందామన్న ఆలోచన మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు. అందుకే అమ్మ కోసం నేనే వేశాను, అద్దం మీద.

దుకాణాల అద్దాల మీద పేర్లు రాయడం నా పని. ఏడో తరగతిలో బడి మాన్పించారు. అన్నయ్య చదువు సాగాలంటే ఇంట్లో ఇంకొకరు పనిలోకి దిగాలన్నారు. ఆ సంగతి ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అద్దానికి వెనకవైపు రంగు వేస్తాం. ఎదుటివాడికి తిన్నగా కనబడాలంటే మేం అంతా తిరగేసి రాయాలి. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క అక్షరం తప్పలేదు. ఏ అద్దం మీదా నా పేరు రాసుకోనూ లేదు.

అమ్మ ఉండే అన్నయ్య ఇంటి హాల్లో, కొని తెచ్చిన జలపాతం బొమ్మ వేలాడుతూ ఉంటుంది. "నీది కూడా తెచ్చి చూపించు, బాగుంటే తగిలిద్దాం" అన్నాడు. బాగుంటేనట. పని నుంచి వచ్చాక రోజూ కూర్చుని నెలన్నర వేశాను.

ఆదివారం పొద్దున పట్టుకెళ్లి, సోఫాకి ఆనించి గుడ్డ తీశాను.

"రంగులు భలే కలిపావు మరిదీ" అంది వదిన.

అన్నయ్య కళ్లజోడు సర్దుకుని చూసి నవ్వాడు. "ఒరేయ్, ఎద్దు మూపులాంటి ఆ ఎత్తు కుడివైపు కదరా ఉండాలి? కొండని తిప్పేశావు."

నిజమే. అక్షరాలైతే చెయ్యి దానంతటదే తిరగేస్తుంది. కొండ దగ్గరికొచ్చేసరికి, చిన్నప్పుడు గుమ్మంలో నిలబడి చూసింది చూసినట్టే గీసేసింది.

"పోన్లే, పేర్లు రాసే చెయ్యి కదా. వంటింట్లో పెట్టుకుందాం" అన్నాడు.

గుడ్డ కప్పబోయాను.

"ఆగరా" అంది అమ్మ. కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చి, ఎడమవైపు మూపు మీద వేలు పెట్టింది. "ఇది మా పుట్టింటి కొండ."

"పొరపాటున పడిందమ్మా అది."

"నీకేం తెలుసు. పెళ్లయి ఇటు వచ్చాక ఇన్నేళ్లూ నేను చూసింది దాని వీపు. మా పెరట్లోంచి చూస్తే మూపు ఈ పక్కనే ఉండేది. మా నాన్న మేకల్ని తోలుకొచ్చేవేళకి ఇదిగో, ఈ నొక్కులో పొద్దు దిగేది. నువ్వు పుట్టకముందే మావాళ్లు ఆ ఊరు వదిలేశారు, ఎలా వేశావురా?"

నేను వేసింది మా గుమ్మంలోంచి కనబడే పొద్దుపొడుపు.

అమ్మ వేలు తీయకుండానే అంది, "పెద్దోడా, ఆ నీళ్ల బొమ్మ దింపు. దీనికి ఆ మేకు సరిపోతుంది."

"దాన్ని వంటింట్లో పెడతాలెండి అత్తయ్యా" అంది వదిన. "గిన్నెలు కడగడానికి నీళ్లు కలిసొస్తాయి."

అన్నయ్య కుర్చీ ఎక్కాడు. నేను కింద నిలబడి "ఎడమ పక్క కాస్త ఎత్తన్నయ్యా" అన్నాను. ఎత్తాడు. దిగి, కాసేపు చూసి, "పేరేదిరా? వేసినవాడి పేరుండాలిగా" అన్నాడు.

మళ్లీ దింపించాను. వెనక నల్లరంగు వేసిన మూలలో తాళంచెవి మొనతో నా పేరు గీకాను, అక్షరాలన్నీ తిరగేసి. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

గోడకెక్కాక అన్నయ్య ఆ పేరు అమ్మకి పైకి చదివి వినిపించాడు, ఇంటిపేరుతో సహా.