పంకజం సాక్ష్యం

రాత్రి తొమ్మిదయ్యిందంటే పంకజం నోటికి హద్దు ఉండేది కాదు. ఆ వేళకి టీవీలో వచ్చే సీరియల్‌కి పేరేదో పొడుగ్గా ఉండేది గానీ, వేలూరు పక్క గుడియాత్తంలో అందరూ దాన్ని అందులోని ఇన్‌స్పెక్టర్ పేరుతో ఆదిత్తన్ అనే పిలిచేవాళ్ళు. ఆదిత్తన్ దగ్గర దగ్గర ఐదేళ్ళ బట్టి ఒకే హంతకుణ్ణి వెతుకుతున్నాడు. ఈ ఐదేళ్ళలో ఆయనకి పెళ్ళయింది, పెళ్ళాం తప్పిపోయింది, అచ్చం ఆమె పోలికలతోనే ఇంకొకతె వచ్చి ఇంట్లో చేరింది, ఉద్యోగం ఊడింది, మళ్ళీ వచ్చింది. హంతకుడు మాత్రం దర్జాగా ఊళ్ళో తిరుగుతూనే ఉన్నాడు. వాడు దొరికిపోతే ఆ ఛానల్ వాళ్ళ పొయ్యిలో పిల్లి పడుకుంటుంది మరి.

"చూసే మాకందరికీ తెలుసు, చంపినోడెవడో. వీడొక్కడికే తెలీదు. వీడికి యూనిఫారం ఇచ్చినోణ్ణి చెప్పుతో కొట్టాల," అని పంకజం టీవీని తిట్టేది. తిడుతూనే చూసేది. ప్రకటనలు వస్తే లేచి భర్త బలరామయ్యకి అన్నం వడ్డించి, మజ్జిగ పోసేలోగా పాట వినపడితే గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చేది.

"ఇంత తిట్టుకుంటా చూసేదెందుకు? ఆపేసి పండుకోరాదా," అనేవాడు బలరామయ్య, తనే మజ్జిగ పోసుకుంటూ. ఆమె టీవీ గొంతు ఇంకాస్త పెంచేది.

ఐదేళ్ళ కిందట, తెల్లవారుతున్న వేళ, పంకజం వాకిట్లో నీళ్ళు చల్లుతూ ఉంది. మరిది జయరామ్ మోపెడ్‌కి పాలక్యాన్ కట్టుకుని సొసైటీకి బయల్దేరాడు. ఇల్లు రోడ్డు పక్కనే. గేటు దాటి రోడ్డెక్కాడో లేదో, ఒక కారు వేగంగా వచ్చి గుద్దేసింది. కారు కొంచెం దూరం పోయి ఆగింది. నడిపినవాడు దిగాడు. రోడ్డు మీద పడి ఉన్న మనిషిని చూశాడు, తలెత్తి గేటు దగ్గర చెంబుతో నిలబడిపోయిన పంకజాన్ని చూశాడు, మళ్ళీ కారెక్కి వెళ్ళిపోయాడు. జయరామ్‌ని వేలూరు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

కారు దొరికింది. ఆర్కాడులో ఇనుప సామాన్ల వ్యాపారం చేసే ఒక పెద్దింటిది. ఆ ఇంటి కొడుకు సుజిత్‌ని స్టేషన్లో చూపిస్తే పంకజం రెండో మాట లేకుండా ఇతడే అంది. ఆ ఇంటివాళ్ళు మాత్రం కారు మాదే గానీ నడిపింది మా డ్రైవరు అన్నారు. ఆ డ్రైవరు ఏదో జబ్బు చేసి విచారణ మొదలవకముందే చనిపోయాడు. ఇంతకంటే మంచి డ్రైవరు ఎవరికి దొరుకుతాడు? బతికినన్నాళ్ళు కారులో వాళ్ళని మోశాడు, చచ్చాక వాళ్ళ నేరం మోశాడు. ఇక ఆ పొద్దు కారులోంచి దిగింది కొడుకా, డ్రైవరా అని చెప్పగలిగిన మనిషి పంకజం ఒక్కతే మిగిలింది.

జయరామ్ భార్య నళిని అత్తవారింట్లోనే ఉండిపోయింది. పెళ్ళయి రెండేళ్ళు నిండలేదు, పిల్లలు లేరు. పుట్టింటివాళ్ళు ఎన్నిసార్లు వచ్చి పిలిచినా పోలేదు. ఆమెకి కావలసింది ఒక్కటే. నా మొగుణ్ణి చంపింది వీడని జడ్జి నోటితో, నలుగురి ముందు చెప్పాలి. కేసు వాయిదా పడినప్పుడల్లా ఆమె పంకజం దగ్గరకొచ్చి అదే అడిగేది.

"అక్కా, నీకు బాగా గుర్తుండాది గదా?"

"నా కండ్లల్లోనే ఉండాడమ్మా వాడు. కండిప్పా చెప్తా, చెప్పకుండా విడిచిపెట్టను. నువ్వు పోయి అన్నం తిను," అనేది పంకజం.

జయరామ్ పోయిన కొన్ని నెలలకి ఆదిత్తన్ మొదలైంది. ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడని రోజులవి. టీవీ పెడితే కనీసం మనుషుల గొంతులు వినపడేవి. మొదటి రోజే అందులో ఒక కారు ఒక మాస్టారుని గుద్దింది, నడిపినవాడు దిగాడు, మేడమీద నిలబడ్డ ఒక అమ్మాయి వాణ్ణి చూసింది. బియ్యం ఏరుతున్న పంకజం చేట కింద పెట్టేసింది. అందులో వాడు దొరికితే ఇక్కడ వీడూ దొరుకుతాడని ఆ క్షణంలోనే ఆమెకి ఎందుకో గట్టిగా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. చదువుకోని దద్దమ్మ అని నవ్వుతారని ఆమెకి తెలుసు.

వాడు దొరికితే కదా. మొదటి ఏడాది కారు తెల్లగా ఉండేది, తర్వాత నల్లబడింది. ఎర్రటి ఎండలో జరిగిన హత్యలో మూడో ఏడాదికి వాన కురవడం మొదలుపెట్టింది. హంతకుడి వేషం కట్టినవాడు మధ్యలో మానేస్తే ఇంకొకణ్ణి తెచ్చి నిలబెట్టి, ఇకమీదట ఆయనకి బదులు ఈయన అని కింద రెండు ముక్కలు వేసి చేతులు దులుపుకున్నారు. డైరెక్టరు మారాక హంతకుడి చేతులకి నల్ల గ్లౌజులు వచ్చాయి. కారు దిగడం, ఒక్కో వేలూ లాగి గ్లౌజు తీయడం, తలెత్తి మేడకేసి చూడడం. కొత్తగా రాయడానికి బద్ధకమైనప్పుడల్లా ఆ ముక్కనే వేసేవాళ్ళు. దాదాపు ప్రతి రోజూ వాళ్ళకి బద్ధకమే.

"మొదట్లో గ్లౌజు యాడుండాదిరా? ఒట్టి చేతుల్తో దిగినాడు గదా," అని పంకజం ఒక రాత్రి టీవీ ముందుకే పోయి నిలబడింది. "మేమేం గుడ్డోళ్ళమా? నిన్న చూసింది ఈపొద్దు మర్చిపోతామా?"

ఆ మాటకి నళిని కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వి చాలా కాలమైంది.

కోర్టు సంగతీ అలాగే ఏడ్చింది. వేలూరు బస్సెక్కడం, కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని పేరు పిలుస్తారేమోనని నిలబడడం, మధ్యాహ్నానికి వాయిదా అని తెలిసి, బస్టాండులో ఇడ్లీ తిని ఇంటికి రావడం. ఒకసారి జడ్జి లేడు, ఒకసారి వకీలు లేడు, ఒకసారి అందరూ ఉంటే ఫైలు లేదు. జడ్జి మారాడు, ప్రభుత్వ వకీలూ మారాడు. కొత్తగా వచ్చినాయన పంకజాన్ని చూసి, మీరు చనిపోయినాయన భార్యా అని అడిగాడు. పగలంతా ఆ నస, రాత్రికి ఈ నస. రెండింట్లోనూ ఎవడూ ఎవణ్ణీ పట్టుకోడు.

చివరికి ఆమె వంతు వచ్చింది. పశువుల్ని చూసుకోవడానికి బలరామయ్య ఇంట్లోనే ఉండిపోయాడు, తోడుగా నళిని వచ్చింది. సాక్షిబోనెక్కి పంకజం ప్రమాణం చేసింది. ప్రభుత్వ వకీలు అడుగుతూ పోయాడు, ఆమె చెబుతూ పోయింది. అంతా అరవంలోనే. అరవం ఆమెకి తెలుగంత బాగా వచ్చు. నీళ్ళు చల్లడం చెప్పింది, మోపెడ్ చెప్పింది, కారు ఆగడం చెప్పింది. ఎక్కడా తడబడలేదు. వెనక బెంచీ మీద నళిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది.

"కారులోంచి దిగాడు. చేతికున్న గ్లౌజు లాగి తీశాడు. తలెత్తి నన్ను చూశాడు," అంది పంకజం.

అనేశాక గానీ ఆ మాట ఆమె చెవికెక్కలేదు. ప్రభుత్వ వకీలు తన కాగితాల్లో గ్లౌజు కోసం గబగబా వెతుక్కున్నాడు. అందులో ఉంటే కదా దొరకడానికి.

సుజిత్ తరఫు వకీలు ఏసుదాస్ నెమ్మదిగా లేచాడు. పెద్ద వయసు, మెత్తటి మాట. గొంతు పెంచకుండానే మనిషిని పడగొట్టే రకం.

"గ్లౌజు ఏ రంగమ్మా?"

"నలుపు." అబద్ధం చెప్పాలని ఆమెకి లేదు. కళ్ళ ముందు కనపడుతున్నది నలుపే.

"పోలీసులకి ఈ మాట చెప్పలేదే?"

పంకజం ప్రభుత్వ వకీలు కేసి చూసింది.

"పోనీలెండి. రోజూ రాత్రి తొమ్మిదికి ఏం చేస్తారమ్మా మీరు?"

ప్రభుత్వ వకీలు అభ్యంతరం చెప్పాడు. జడ్జి మాత్రం, చెప్పండమ్మా అన్నాడు.

"టీవీ చూస్తాను."

"ఆదిత్తనా? మా అమ్మ కూడా చూస్తుంది. ఇంట్లో ఉంటే నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంటుంది. అందులో కూడా ఒకడు కారు దిగి నల్ల గ్లౌజు తీస్తాడు కదా?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా కూడా తల దించుకుని నవ్వాడు. అతనూ చూస్తాడు కాబోలు.

"అది పొరపాటున వచ్చిందయ్యా," అంది పంకజం. "గ్లౌజు లేదు. మిగతాదంతా నేను చూసిందే."

"పొరపాటు అందరికీ వస్తుందమ్మా, తప్పు లేదు. కారు ఆగడం అందులో ఉంది. దిగడం ఉంది. తలెత్తి చూడడం ఉంది. గ్లౌజు అక్కడిదని ఇప్పుడు మీరే చెప్పారు. మరి మొహం ఎక్కడిదో మీకెలా తెలుసు?"

పంకజం సుజిత్ కేసి చూసింది. గడ్డం పెంచాడు, ఒళ్ళు చేశాడు, కళ్ళద్దాలు వచ్చాయి. స్టేషన్లో చూసిన కుర్రవాడు ఈ మనిషిలో ఎక్కడో ఉండాలి. దొరక్కపోయేసరికి ఆమె కళ్ళు మూసుకుని ఆ పొద్దునే తెచ్చుకుంది. కారు వచ్చింది, ఆగింది, తలుపు తెరుచుకుంది. దిగినవాడికి మొహం ఉంది. మొదట వేషం కట్టినవాడి మొహం. కాసేపటికి అది బదులు వచ్చినవాడిదయింది. పైగా వాన కురుస్తోంది. ఆ రోజు వాన లేదని ఆమెకి బాగా తెలుసు. తెలిసినా వాన ఆగలేదు.

"ఇతడే," అంది కళ్ళు తెరిచి.

"ఒట్టు పెట్టి చెప్పగలరా? దిగింది డ్రైవరు కాదు, ఇతడేనని?"

చెప్పడానికే నోరు తెరిచింది. ఒక్క మాట. ఆ మాట కోసమే ఐదేళ్ళుగా వస్తూ పోతూ ఉంది. కానీ టీవీలో దొంగసాక్ష్యం చెప్పినవాళ్ళని రోజూ రాత్రి శాపనార్థాలు పెట్టిన నోరు కూడా అదే. గుర్తులేనిది గుర్తుందని ప్రమాణం మీద ఎలా చెబుతుంది? తెరిచిన నోరు మూసేసింది. జడ్జి, ఇక చాలు దిగండమ్మా అన్నాడు.

వరండాలో ప్రభుత్వ వకీలు ఒక్క నిమిషం ఆగాడు. "ఇక ఆశ పెట్టుకోకండి. కారులో ఎవరున్నారో చెప్పడానికి మనకి వేరే సాక్ష్యం లేదు," అన్నాడు. ఆయనకి కోపం కూడా రాలేదు. ఇంకో కేసు కట్ట చంకలో పెట్టుకుని పక్క గదిలోకి పోయాడు. సుజిత్ వాళ్ళ ముందు నుంచే నడిచి వెళ్ళాడు, భోజనానికి ఇంటికే వస్తున్నానని ఫోనులో ఎవరికో చెబుతూ.

పంకజానికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ ఛానల్ వాళ్ళ మీద, ఆ డైరెక్టరు మీద, ఎప్పటికీ పట్టుకోని ఆ సన్నాసి ఆదిత్తన్ మీద. కథ సాగదీసి పూట గడుపుకోవడానికి వాళ్ళు ఆమె కళ్ళలోంచి మనిషినే ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోతున్నంత కాలం తనే తలుపు తెరిచిపెట్టి కూర్చుంది. ఆ సంగతి తలుచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

నళిని ముందు నడిచింది, పంకజం వెనకాలే బస్టాండుకి చేరింది. గుడియాత్తం బస్సు ఇంకా కదల్లేదు. కండక్టరు కింద నిలబడి ఊరి పేరు అరుస్తున్నాడు. నళిని బస్సు మెట్టు దగ్గర ఆగింది.

"అక్కా, ఒకటి అడగతా. కోపం చేసుకోవద్దు."

"అడుగమ్మా."

"ఆయన కిందపడినాక నువ్వు పరిగెత్తిపోయి తల ఒళ్ళో పెట్టుకున్నావు. అప్పుడు నా పేరు పిలిచినాడని చెప్పినావు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను ఆ ఇంట్లో ఉండిపోయినా. అది నువ్వు నిజంగా విన్నిందేనా అక్కా? లేకుంటే అదీ దాంట్లోదేనా?"

పంకజం ఆ పొద్దుని మళ్ళీ తెచ్చుకుంది. తల ఒళ్ళో పెట్టుకున్నది నిజం. చీరంతా తడిసింది నిజం. పెదవులు కదిలాయి, అదీ నిజమే. పేరు పిలిచాడని ఈ పిల్లకి ఎప్పుడు చెప్పింది? ఆ రోజేనా? కర్మ అయిన తర్వాతా? టీవీ చూడడం మొదలుపెట్టాకా? సీరియల్లో కారు గుద్దిన ఆ మాస్టారు కూడా రోడ్డు మీద పడి పెళ్ళాం పేరే పిలుస్తాడు, ఎన్నిసార్లో పిలిచాడు. జయరామ్ గొంతు కోసం ఆమె తన లోపలంతా వెతికింది. బతికుండగా వదినా అని పిలిచిన గొంతే, ఎక్కడికి పోతుంది? వినపడిందల్లా మాస్టారి గొంతు.

"పిలిచినాడమ్మా," అంది. "నీ పేరే పిలిచినాడు."

నళిని కొంగుతో మొహం తుడుచుకుని సంచీ భుజానికి తగిలించుకుంది. అవతల వరసలో కనియంబాడి మీదుగా పోయే బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఆమె పుట్టిల్లు కనియంబాడిలోనే.

"దీనికి ఇంతసేపు ఆలోచన చేసినావే అక్కా," అంది నళిని, ఆ బస్సు వైపు నడిచింది.