వంకర గుండు

నేను ఒక తూకం గుండును. గోడ నిలువుగా లేచిందో లేదో మేస్త్రీలు నన్ను దారానికి వేలాడదీసి చూస్తారు. ఇత్తడి ఒళ్లు, కింద సూదిమొన. ఏ గోడనూ చూడగానే నమ్మకపోవడం నా వృత్తి. అందుకే ఈ సంగతి జరిగిన చర్చి పేరు మీకు చెప్పను. మీరెవరో నాకింకా తెలియదు కదా. కృష్ణ ఒడ్డున, ఎక్కడెక్కడి నుంచో జనం చూడవచ్చే రాతి చర్చి అనుకోండి, చాలు.

బెజవాడలో ఒక కంచరి నన్ను పోతపోశాడు. కొన్నవాడు జకరయ్య మేస్త్రి. డబ్బులిచ్చే ముందు తిప్పి తిప్పి అనుమానంగా చూశాడు. ఆ చూపు నాకు నచ్చింది. పన్నెండేళ్లు ఇద్దరం కలిసి గోడల్ని శంకిస్తూ హాయిగా బతికాం.

అప్పుడా చర్చి లోపల, పాటల బృందం కూర్చోవడానికి కొత్తగా మేడ కడుతున్నారు. జకరయ్యకూ అక్కడే పని. దాన్ని మోసే ఇటుక స్తంభాలు రెండు. ఎడమ స్తంభం పక్కన జకరయ్య నన్ను వేలాడదీశాడు. స్తంభం ఒరిగి ఉంది. విప్పి మళ్లీ కట్టాలన్నాడు.

"స్తంభం కాదయ్యా, నీ గుండే వంకర!" అన్నాడు కాంట్రాక్టరు.

అందరూ నవ్వారు. సాయంత్రానికి జకరయ్య పని పోయింది.

దారానికి వేలాడే గుండు వంకరగా ఎలా వేలాడుతుంది? ఆ సంగతి తెలిసినవాళ్లూ నవ్వారు. 'వంకర గుండు మేస్త్రి' అన్న పేరు ఊరంతా పాకింది. జకరయ్య ఇంటికొచ్చి నన్ను నాలుగు గోడలకూ వేసి చూశాడు. లోకం అనుమానిస్తే సరే, ఆయన కూడానా! చివరికి గుడ్డలో చుట్టి రేకుపెట్టెలో పెట్టేశాడు. ఏళ్ల తరబడి ఆ చర్చి గుమ్మం తొక్కలేదు.

ఇరవై ఆరేళ్ల తర్వాత ఆ పెట్టె తెరిచింది ఆయన మనవరాలు కెజియా. ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతోంది. క్లాసంతా ఆ చర్చిని చూడటానికి వెళ్తున్నారట. తాత తప్పు చేశాడో లేదో తేల్చుకోవాలనుకుంది. చేసే ఉంటాడేమోనన్న అనుమానమూ ఆమెకు లేకపోలేదు. నన్ను పట్టుకున్న వేళ్లలో నాకది తెలిసింది.

చర్చిలో తోటి విద్యార్థులు రంగుటద్దాల కిటికీలు చూస్తూ బొమ్మలు గీసుకుంటున్నారు. మేడ మీద పద్దెనిమిది మంది ఈస్టర్ పాటలు సాధన చేస్తున్నారు. కెజియా నన్ను తీసుకుని పైకి ఎక్కింది. చర్చి బాగోగులు చూసే తీతుగారు వెనకాలే వచ్చారు.

"ఏందమ్మా అది?"

"తూకం గుండండి. స్తంభం చూద్దామని."

"ఎవరు పంపించారు నిన్ను?"

"ఎవరూ లేరండీ, కాలేజీ నుంచి వచ్చాం. ఈ దారం కాస్త పట్టుకుంటారా?"

ఆయన నమ్మలేదు. దారం మాత్రం పట్టుకున్నారు, ఆమె ఏం చేస్తుందో కనిపెట్టడానికి. నన్ను ఎడమ స్తంభం వెంట వేలాడదీసి ఆమె కిందికి దిగింది. పైన స్తంభాన్ని తాకుతున్న దారం, కింద నేనున్న చోట దానికి దూరంగా ఉంది. కెజియా మొహం చిట్లించి ముందు నన్నే అనుమానించింది. దారం వదలమని పైకి కేకేసి, నన్ను పాత రాతిగోడ దగ్గరికి తీసుకెళ్లి వేసింది. అక్కడ దారం పైనుంచి కింది దాకా గోడను అంటుకునే ఉంది.

తీతుగారు దిగి వచ్చేసరికి ఆమె తాతకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"తాతా, నీ గుండు మంచిదే. స్తంభమే ఒరిగింది."

ఆయన సంతోషిస్తాడనుకున్నాను.

"సందు ఎంతుంది?" అన్నాడు.

"రెండు వేళ్లు పడుతున్నాయి."



"అప్పుడు ఒక్క వేలే పట్టింది. పైన ఎవరన్నా ఉంటే ముందు దించెయ్ తల్లీ!"

తీతుగారు ఇంక ఏమీ అడగలేదు. మెట్లకేసి పరుగెత్తారు. "అందరూ దిగండి! పుస్తకాలు అక్కడే వదిలెయ్యండి, దిగండి!"

ఆ వారమే ఇంజనీర్లు యంత్రాలతో వచ్చారు. నన్ను చూసి పెదవి విరిచి, ఆఖరుకు నేను చెప్పిందే చెప్పారు. మేడకు ఇనప స్తంభాలు ఆనించి, ఎడమ స్తంభాన్ని కూల్చి మళ్లీ కట్టారు.

కట్టడం పూర్తయిన రోజు తీతుగారే వెళ్లి జకరయ్యనూ కెజియానూ వెంటబెట్టుకొచ్చారు. జకరయ్య నన్ను వేలాడదీశాడు. దారం స్తంభం వెంట తిన్నగా దిగింది. చూశాడు. కాసేపు బల్ల మీద కూర్చుని, లేచి మళ్లీ చూశాడు. కళ్లు తువ్వాలుతో తుడుచుకుని మూడోసారి చూశాడు. తర్వాత దారం కెజియా చేతిలో పెట్టాడు.

"నాకైతే సరిగానే కనబడతంది. నువ్వు కూడా ఒకసారి చూడమ్మా."