శివరాత్రికి ముందే మారిన ఎండ

నా నోరు పెద్దదని ఎమ్మిగనూరు నేతవాళ్ల వీధంతా ఎరుగును. అటువంటి నేను మూడు నెలలుగా కోడలు జయమ్మను పల్లెత్తు మాట అనలేదు. కార్తీకంలో పురిట్లోనే బిడ్డ పోయాక అది మంచం పట్టింది. పెడితే తింటుంది, పిలిస్తే చూస్తుంది, అంతే. మాట లేదు. 

దాన్ని తీసుకుపోవడానికి ఆదోని నుంచి దాని అన్న దేవేంద్రప్ప వచ్చాడు.

"ఈడుంటే మనిషి మిగల్దత్తా. మా ఇంట్లో ఉండనీ" అన్నాడు.

ఎన్నాళ్లని అడగబోయి మాట మింగేశాను. ఇట్లా పోయిన పిల్ల మళ్లీ ఈ గడప తొక్కదేమోనని నా భయం. కాళ్లావేళ్లా పడి ఆపాలని ఉంది. ఏ మొహం పెట్టుకుని ఆపను? దాన్ని ఒక్కసారి మాట్లాడించలేకపోయిన ఇల్లు కదా ఇది.

బస్సుకు ఇంకా పొద్దుంది. మగ్గానికి నిలువు పోగులు సిద్ధంచేసే పడుగు పని మాత్రం ఆగదు. నేనూ, జయమ్మ మొగుడైన నా కొడుకు అయ్యన్నా తెల్లవారగానే వీధి పొడుగునా కర్రలు నాటి పడుగు చాచాం. నూలుకు గంజి పట్టించి, అది ఆరేలోపల కుంచెతో దువ్వి పోగుకు పోగు విడదీయాలి. దువ్వకముందే ఆరిందా, పోగులన్నీ అట్టకట్టి పడుగంతా పాడైపోతుంది. చలికాలంలో ఆ బెంగ ఉండదు. శివరాత్రికి గాని చలి శివశివా అంటూ పోదు, ఆ పండగ ఇంకా దూరముంది. అందుకే గంజి చిక్కగా కాచి తీరిగ్గా దువ్వుతున్నాం.

జయమ్మ మూట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. వేపచెట్టు పండుటాకులు మీద రాలుతున్నా దులుపుకోవడం లేదు. కాసేపటికి ఒక ఆకును చేతిలోకి తీసుకుని, తలెత్తి చెట్టును చూసింది. కొమ్మల చివర్లలో రాగిరంగు చిగుళ్లు. ఎప్పుడు వేసిందో ఏమో, మేమెవరమూ గమనించలేదు. తర్వాత జయమ్మ అరచెయ్యి ఎండలోకి చాపింది.

మూట జారి కింద పడింది.

"అత్తా! కండ్లు యాడ పెట్టుకున్నావు? ఎండ మారింది. గంజి ఎండిపోతాంది సూడు!" జయమ్మ గొంతు.

ముట్టి చూస్తే నిజమే. తూర్పు కొస అప్పుడే పెళుసెక్కుతోంది. నేను నోరు తెరుచుకుని నిలబడితే, అది కొంగు దోపుకుని వచ్చి పడుగు మీద నీళ్లు చిలకరించింది. అయ్యన్న చేతిలోని కుంచె లాక్కుంది.

"శివరాత్రి రాలేదు కదే" అన్నాను.

"దానికోసరం సెట్టు కాసుకోని ఉంటాదా? కదులు, ఆ పక్క దువ్వు!"

"జయా, బస్సు టైమైతాంది" అన్నాడు దేవేంద్రప్ప.

"నువ్వు పో అన్నా. ఈల్లను నమ్మి పడుగు ఇడిసిపెట్టి యాడికొస్తును?"

నాకు ఒక్కసారిగా గొంతు తెరుచుకుంది. "నాకే నేర్పొచ్చినావా? ఒక్క పోగు తెగిందో, నీ పని సెప్తా!" అని అరిచాను.

"తెగితే నేను ముడేసుకుంటాలే. నువ్వు అరవకుండా దువ్వు!"

అత్తను కోడలు అనే మాటలేనా ఇవని ఇరుగుపొరుగమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. నాకు మాత్రం దువ్వుతుంటే పోగులు కనపడలేదు. కళ్లనిండా నీళ్లు.